పిన్ను బెజ్జం మీద బేరింగ్ లోడు: 4వ పాఠం

కంప్యూటర్‌లో స్ట్రెస్ విశ్లేషణ చేసేటప్పుడు పిన్ను బెజ్జాన్ని నెట్టే బలాన్ని ఎలా ఇవ్వాలో ఈ పాఠంలో చూద్దాం. చీమకుర్తి క్వారీలో 2.4 × 1.2 × 1.2 మీటర్ల గ్రానైట్ బ్లాకును లేపే బీము మన ఉదాహరణ. ఘనమీటరుకు 3 టన్నుల లెక్కన బ్లాకు 10.4 టన్నులు, అంటే దాదాపు 102 కిలోన్యూటన్లు. బీము చివర్లలో రెండు లగ్‌లు (పిన్ను దూర్చే బెజ్జమున్న చెవులు), ఒక్కోదానికి నిలువుగా 51. క్రేను కొక్కెం నుంచి లగ్‌లకు వచ్చే స్లింగులు (మోకులు) అడ్డానికి 60 డిగ్రీల్లో వాలి ఉంటాయి కనుక ఒక్కో స్లింగులో లాగుడు 51 ÷ 0.866 = 58.9 కిలోన్యూటన్లు. అందులో అడ్డంగా పడేది 29.4. బీము బరువూ, కుదుపు గుణకమూ ఇంకా కలపలేదు.

లగ్ మందం 25 మి.మీ., బెజ్జం 50 మి.మీ. కొత్తవాళ్లు ఇక్కడే సాఫ్ట్‌వేర్‌లో బెజ్జం లోపలి ముఖమంతా పట్టుకుని మామూలు ఫోర్స్ ఇచ్చేస్తారు. పిన్ను నెట్టగలదు గానీ లాగలేదు. మామూలు ఫోర్స్ మాత్రం పిన్ను తగలని కింది సగాన్ని కూడా లాగుతుంది. రియాక్షన్ల (ఆధారాల దగ్గర పుట్టే ఎదురు బలాల) మొత్తం సరిగ్గానే వస్తుంది, అందుకే ఈ తప్పు ఆ తనిఖీకి దొరకదు.

బేరింగ్ లోడు ఒత్తిడిని తగిలే సగం మీదే, కొసైన్ ఆకారంలో పరుస్తుంది. F స్లింగు లాగుడు, d బెజ్జం వ్యాసం, t లగ్ మందం అనుకుంటే, నడిమధ్య గరిష్ఠం 4F ÷ (π·d·t) = 60 మెగాపాస్కల్. సగటు F ÷ (d·t) మాత్రం 47. ఈ 60 ముఖం మీది ఒత్తిడే సుమా, లగ్‌లో స్ట్రెస్ కాదు. గరిష్ఠ తన్యత స్ట్రెస్‌ను లాగుడు దిశకు 90 డిగ్రీల్లో, బెజ్జం పక్కల వెతకండి. అక్కడ మెష్ (లెక్క కోసం భాగాన్ని ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడదీసిన వల) పలచగా ఉంటే స్ట్రెస్ శిఖరం కోసుకుపోతుంది. సగం చుట్టుకు 16 ఎలిమెంట్లైనా వేయండి.

ఈ లోడు ఇచ్చే సాఫ్ట్‌వేర్లలో, సాలిడ్‌వర్క్స్‌లో అయితే ముందు జడ్ అక్షం బెజ్జం అక్షం వెంట ఉండేలా కోఆర్డినేట్ సిస్టమ్ పెట్టుకోవాలి. ఆన్సిస్‌లో ముఖం రెండు ముక్కలై ఉంటే రెండింటినీ ఒకే లోడులో ఎంచుకోండి. ఎక్కడైనా సరే 29.4, 51 లను ఒకే లోడుకు ఎక్స్, వై భాగాలుగా ఇవ్వండి. రెండు లోడులుగా విడదీస్తే ఒత్తిడి 270 డిగ్రీల మేర పరుచుకుంటుంది, నిజంలో అది 180కి మించదు.

ఇదంతా పిన్ను బెజ్జానికి బిగుతుగా సరిపోయినప్పుడే. క్వారీల్లో అరిగిన షాకిల్ (స్లింగును లగ్‌కు తగిలించే U ఆకారపు కొండీ) పిన్ను 46 మి.మీ.కు దిగితే తగిలే వెడల్పు బాగా తగ్గి, ఒత్తిడి 60ని దాటిపోతుంది. ఆ కేసుకు కాంటాక్ట్ విశ్లేషణ (పిన్నూ బెజ్జమూ ఎక్కడ తగులుతాయో సాఫ్ట్‌వేరే తేల్చే లెక్క) కావాలి, వచ్చే పాఠంలో అదే చేద్దాం. అప్పటికి ఈ లగ్‌ను మామూలు ఫోర్స్‌తో ఒకసారి, బేరింగ్ లోడుతో ఒకసారి నడిపి, బెజ్జం పక్కల స్ట్రెస్‌లు రాసి ఉంచుకోండి.