పూజ అల్మారా మనమే డిజైన్ చేసుకుందాం – 3వ పాఠం: ముందు దీపం, తర్వాతే చెక్క

పోయిన పాఠంలో చోటు ఖాయం చేసుకున్నాం కదా, ఈశాన్యం మూల, లేదంటే కనీసం తూర్పుకో ఉత్తరానికో తిరిగి కూర్చోగలిగే గోడ. బెంగళూరు టూ బీహెచ్‌కేల్లో చాలామందికి మిగిలేది హాల్లో ఆ గోడ ఒక్కటే, వైట్‌ఫీల్డ్ రేట్లకి విడిగా పూజ గది అంటే... సరే వదిలేయండి.

ఇప్పుడు టేప్ తీయండి. అందరూ ముందు జాలీ తలుపులు, గంటలు, వెనకాల లైటు వెలిగే ఓంకారం సెలెక్ట్ చేసుకుని, దీపం ఎక్కడ పెట్టాలనేది గృహప్రవేశం రోజు ఆలోచిస్తారు. మనం రివర్సులో వెళ్దాం. రోజూ వెలిగించే కుందిని కింద పెట్టి వత్తి కొస దాకా కొలవండి, పండగలకి తీసే పెద్దదాన్ని కూడా. ఆ కొస పైన కనీసం రెండడుగులు ఖాళీ వదలండి, లేకపోతే పై అర అంటుకోకపోయినా రోజూ తగిలే వేడికి చెక్క మీద అంటించిన లామినేట్ పొర లేచిపోతుంది, మసి సంగతి ఇక చెప్పక్కర్లేదు. అంత ఎత్తు లేదా? అయితే సొరుగులా ముందుకి లాగే పలక చేయించండి, లాగి వెలిగిస్తే మంట నెత్తిన చెక్కే ఉండదు, దీపం కొండెక్కాకే లోపలికి తొయ్యాలి.

పలక మీద రాయి మాత్రం తప్పనిసరి. మార్బుల్ చూడ్డానికి బాగుంటుంది కానీ నిమ్మచెక్క, పెరుగు పడితే పాలిష్ పోయి మచ్చ తేలుతుంది, దీపాలకి నా ఓటు పాలిష్ చేసిన నల్ల గ్రానైట్‌కే. బెంగళూరు శివార్లలో జిగణి వైపు గ్రానైట్ యార్డుల్లో కిచెన్ ప్లాట్‌ఫామ్ కోయగా మిగిలిన ముక్కలు ఉంటాయేమో అడగండి, మనకి కావాల్సింది అంతే.

ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర చూడండి, అది నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కి వేసేది, మామూలు వాడకానికి వచ్చే ఐఎస్ 303లో ఎంఆర్ రకం కాస్త తేమకి ఓర్చుకుంటుంది గానీ రోజూ అభిషేకం నీళ్లు కారితే కష్టం. అయితే వాటర్‌ప్రూఫ్ అన్నాడు కదా అని ధీమా వద్దు, నిప్పుకి రెండూ ఒకటే! ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే బోర్డు) జాలీ అయితే ఇటు నీళ్లకీ పనికిరాదు, అటు మంటకీ పనికిరాదు.

ఇంకోటి, ఫ్యాన్ గాలికి దీపం ఆరిపోతోందని తలుపులు మూసేస్తుంటారు, వద్దు, దీపానికి గాజు చిమ్నీ పెట్టండి, తలుపులు తెరిచే ఉంచండి.

వచ్చే పాఠం అరల ఎత్తులు. ఈలోపు గోడకి అల్మారా సైజులో న్యూస్‌పేపర్ అంటించి, పీట వేసుకుని కూర్చుని మీ కంటి ఎత్తు దగ్గర గీత గీయండి, ఇంట్లో అమ్మమ్మ కుర్చీలో కూర్చునే పూజ చేస్తారంటే ఆవిడకి వేరే గీత.