సమాధి సీనులో నవ్వు రాకుండా: ‘రోమియో అండ్ జూలియెట్’ ఆడే బృందాలకు

జూలియెట్ బాకు అందుకునే సమయానికి హాల్లో ఎవరో కిసుక్కుమంటారు. పక్కవాళ్లకు అంటుకుంటుంది. అప్పటిదాకా పడ్డ శ్రమంతా అక్కడ పోతుంది. ప్రేక్షకులను తిట్టుకుని లాభం లేదు. ఆ నవ్వుకు కారణం దాదాపు ఎప్పుడూ వేదిక మీదే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

ముందు లెక్క రాయించండి. మొదటి మూడు ప్రదర్శనలకు ముగ్గురిని కూర్చోబెట్టండి: ఒకరు నాలుగో వరసలో, ఒకరు మధ్యలో, ఒకరు చివర గోడ పక్కన. రిహార్సల్స్ చూసినవాళ్లు వద్దు, వాళ్లు అలవాటైన చోటే నవ్వుతారు. స్క్రిప్టు మాత్రం రెండుసార్లు చదివి రావాలి. తలా ఒక కాపీ, ఒకవైపే ప్రింటు, కుడిపక్క మూడు వేళ్ల మార్జిన్, ఒక పెన్సిలు. నవ్వుకు ‘న’, దగ్గుకు ‘ద’, కుర్చీల చప్పుడుకు ‘కు’, ఫోను వెలుగుకు ‘ఫో’, సూది పడితే వినిపించేంత నిశ్శబ్దానికి అడ్డగీత. మర్నాడు మూడు కాపీలూ పక్కపక్కన పెట్టండి. ఒక్క కాపీలో ఒక్కసారి కనిపించిన గుర్తును వదిలేయండి. రెండు రాత్రులు ఒకే మాట దగ్గర పడిందంటే తప్పు మనదే. దగ్గులు మొదలైన చోటును కాదు, దానికి ఇరవై పంక్తుల ముందు చూడండి. పట్టు జారింది అక్కడ.

ఇక అసలు సంగతి. మొదటి రెండు అంకాలు దాదాపు హాస్య నాటకమే. జూలియెట్ దాది వాగుడు, రోమియో స్నేహితుడు మెర్కూషియో వెటకారం అందుకే ఉన్నాయి. మూడో అంకం మొదటి సీనులో కత్తిపోటు తిన్నాక కూడా మెర్కూషియో సమాధి మీద శ్లేషతో జోకు వేస్తాడు. హాలు నవ్వాలి, ఆ నవ్వు గొంతులోనే ఆగిపోవాలి. ‘విషాదం కదా’ అని దాది మాటలు కోసేసిన బృందాల కాపీల్లో ఆ సీను దాకా ఒక్క ‘న’ కూడా ఉండదు. ఖర్చుకాని ఆ నవ్వంతా ఐదో అంకంలో బయటపడుతుంది. కాబట్టి సమాధి సీనును బాగుచేయడం రెండో అంకంలోనే మొదలుపెట్టాలి.

నాలుగో అంకం ఐదో సీను వేరే రకం చిక్కు. జూలియెట్ తాగింది చచ్చినట్టు నిద్రపుచ్చే మందు, 42 గంటల్లో లేస్తుందని హాలుకు తెలుసు. వేదిక మీద తల్లీ తండ్రీ దాదీ పెళ్లికొడుకూ ఒకరి తర్వాత ఒకరు గుండెలు బాదుకుంటారు. వరసగా, గట్టిగా ఏడిస్తే నవ్వు ఖాయం. తల్లినీ తండ్రినీ పెళ్లికొడుకునూ ఒకేసారి మాట్లాడించండి. చావు ఇంట్లో ఎవరి మాటా విడిగా వినపడదు. దాదిని మాత్రం మాట పెగలకుండా మంచం పక్కన కూలబడనివ్వండి.

సమాధి దగ్గర చూడాల్సింది రోమియో ఛాతీ. ఆ పెళ్లికొడుకు పారిస్‌తో కత్తియుద్ధం చేసి వచ్చాడు, ఎగశ్వాస మీద ఉంటాడు. చచ్చిపోయాక సుమారు 190 పంక్తుల పాటు కదలకుండా పడుకోవాలి. శవం ఊపిరి పీలుస్తుంటే మూడో వరస నవ్వకుండా ఎలా ఉంటుంది? యుద్ధంలో పరుగంతా పారిస్‌కు ఇవ్వండి. విషం ముందున్న పొడుగాటి స్వగతంలో రోమియో ఊపిరి కూడదీసుకోవాలి. బరువైన అంగీ వేసి, ఛాతీ హాలుకు కనపడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తర్వాత జూలియెట్ ఒళ్లే అడ్డం వస్తుంది.

విషం సీసాను జూలియెట్ తలకిందులు చేసి దులిపితే మందు సీసా గుర్తొస్తుంది. ఒక్కసారి చూసి గుప్పిట మూస్తే చాలు. ముద్దు పెట్టుకుని ‘నీ పెదవులింకా వెచ్చగానే ఉన్నాయి’ అంటుంది. ఈ నాటకంలో ఇంతకన్నా కోత పెట్టే మాట లేదు. తర్వాత రెండు క్షణాలు ఖాళీ వదలండి, బయటి కావలివాళ్ల అలికిడి ఆ తర్వాతే. స్ప్రింగు బాకు వాడకండి: టక్కుమంటుంది, ఒక్కోసారి ఇరుక్కుంటుంది. మొన, పదును లేని చెక్క బాకు తీసుకుని, హాలుకు అవతలి వైపు చేత్తో, చంకకూ ఒంటికీ మధ్య సందులోకి పోనివ్వాలి.

రోమియో సీసా ఎత్తగానే ‘అది బతికే ఉందిరా!’ అని ఎవరైనా అరిస్తే కంగారుపడకండి, అంతకన్నా మంచి స్పందన లేదు. నటుడు హాలు వైపు చూడకూడదు, ఆగకూడదు. జూలియెట్ ముందే లేవాలనే ఆ కోరిక పాతదే. 1748లో లండన్‌లో నటుడు డేవిడ్ గారిక్, రోమియో చనిపోయేలోపే జూలియెట్ లేచేలా తిరగరాశాడు. దాదాపు వందేళ్లు ఆ ముగింపే నడిచింది. 1845లో రోమియో వేషం కట్టిన నటి షార్లట్ కుష్మన్ షేక్స్‌పియర్ ముగింపును మళ్లీ రంగస్థలానికి తెచ్చింది. మీరు గారిక్ దారి పట్టకండి. ఇద్దరూ చనిపోతారని తొలి పలుకులోనే చెప్పేశారు కదా అనే అనుమానమూ వద్దు. మన హరిశ్చంద్ర కాటి సీనుకు ముగింపు తెలిసినవాళ్లే కళ్లు తుడుచుకుంటూ వన్స్ మోర్ అంటారు.

చివర్లో, ఇద్దరికీ రహస్యంగా పెళ్లి చేసి జూలియెట్‌కు మందిచ్చిన ఫాదర్ లారెన్స్ ‘క్లుప్తంగా చెప్తాను’ అని సుమారు 40 పంక్తులు చెప్తాడు. పన్నెండుకు కుదించి, వెలుగు వింటున్న తల్లిదండ్రుల మొహాల మీద ఉంచండి. ఆఖరి మాటయ్యాక లైట్లు ఆరు సెకన్లలో తగ్గాలి, మూడు సెకన్లు పూర్తి చీకటి. చప్పట్లు ఆలస్యమైతే మంచిదే. చనిపోయినవాళ్లు చీకట్లోనే లేచి అందరితో కలిసి నిలబడాలి, చేతులూపడాలు వద్దు.

గేటు దగ్గర ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే అంటారు. ‘రోమియోకు ఉత్తరం ఎందుకు అందలేదు?’ అని పదిమందిని అడగండి. మందు సంగతి రోమియోకు చెప్పే లారెన్స్ ఉత్తరాన్ని తీసుకెళ్తున్న ఫాదర్ జాన్‌ను ప్లేగు భయంతో ఒక ఇంట్లో పెట్టి తలుపులు మూసేశారని చెప్పే ఐదో అంకం రెండో సీను ముప్పై పంక్తులే, సెట్టు మార్చే హడావుడిలో కొట్టుకుపోతుంది. ముగ్గురు తెల్లమొహం వేస్తే, మర్నాడు ఆ సీనప్పుడు సెట్టు కదలకూడదు. ఫాదర్ జాన్ ఆ ఉత్తరాన్ని అందరికీ కనపడేలా, సీలు విప్పకుండానే, తిరిగి లారెన్స్ చేతిలో పెట్టాలి.