ఆఫీసులో రెండు గేట్‌వేల మధ్య ఫెయిలోవర్ ఎలా పెట్టాలి?

రెండు ఇంటర్నెట్ లైన్లు, రెండు రౌటర్లు, ఇంత ఖర్చు పెట్టి కూడా లైన్ పోగానే ఎవరో ఒకరు సర్వర్ రూమ్‌కి పరిగెత్తి కేబుల్ మార్చే ఆఫీసులు ఇంకా బోలెడు. ఫెయిలోవర్, అంటే ఒక గేట్‌వే (ఆఫీసు నెట్‌వర్క్‌ని బయటికి కలిపే రౌటర్) పోతే రెండోది దానంతటదే అందుకోవడం, ఒక్కసారి సరిగ్గా కాన్ఫిగర్ చేస్తే ఆ పరుగు ఉండదు.

రెండూ సిస్కో అయితే హెచ్ఎస్ఆర్‌పీ, వేర్వేరు కంపెనీలవైతే వీఆర్ఆర్‌పీ, ఇందులో చర్చ లేదు. రెండూ రెండు రౌటర్లని ఒకే గేట్‌వేలా కనిపించేలా చేసే పద్ధతులే. ఇక్కడ సిస్కో అనుకుందాం. రెండు రౌటర్ల ల్యాన్ కాళ్ళూ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్ వైపు పోర్టులు) స్విచ్‌లో ఒకే వీల్యాన్‌లో (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్‌లో), 10 అనుకోండి, గుచ్చండి. ఆ రెండు పోర్టుల్లో పోర్ట్ సెక్యూరిటీ (ఏ పోర్ట్‌లో ఏ పరికరం ఉండాలో కాపలా కాసేది) ఉంటే తీసేయండి, ఎందుకంటే ఫెయిలోవర్ అయినప్పుడు వర్చువల్ మ్యాక్ (రెండు రౌటర్లూ పంచుకునే హార్డ్‌వేర్ అడ్రస్) ఒక పోర్ట్ నుంచి ఇంకో పోర్ట్‌కి వెళ్తుంది, స్విచ్ దాన్ని దొంగతనం అనుకుని పోర్ట్ మూసేస్తుంది.

మొదటి రౌటర్‌కి 192.168.10.2, రెండోదానికి .3, రెండింట్లోనూ స్టాండ్‌బై 10 (హెచ్ఎస్ఆర్‌పీ గ్రూప్) కింద వర్చువల్ ఐపీ, అంటే రెండింటి ఉమ్మడి అడ్రస్, .1. గ్రూప్ నంబర్ వీల్యాన్ నంబరే ఉండాలి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత మీకే అర్థం కాదు. పీసీలకి ఐపీలు పంచే డీహెచ్‌సీపీలో గేట్‌వేగా .1 ఇవ్వండి. చాలామంది పాత అలవాటుకొద్దీ .2 వదిలేస్తారు, ఇక ఎన్ని చేసినా దండగే. మొదటిదానికి ప్రయారిటీ 110, రెండోదానికి డిఫాల్ట్ 100 చాలు; ఎక్కువున్నది యాక్టివ్ (పనిచేసేది), రెండోది స్టాండ్‌బై (కాచుకుని ఉండేది).

ఇంతవరకు ఎవరైనా చేస్తారు, కొంప మునిగేది ఇక్కడినుంచే. హెచ్ఎస్ఆర్‌పీ చూసేది ల్యాన్ వైపు హలోలు ("నేనున్నాను" అనే సందేశాలు) మాత్రమే. బయట ప్రొవైడర్ లైన్ చచ్చినా మొదటి రౌటర్ మూడు సెకన్లకోసారి హలో పంపుతూనే ఉంటుంది, రెండోది బుద్ధిగా స్టాండ్‌బైలో కూర్చుంటుంది, ఆఫీసంతా నెట్ లేదని అరుస్తుంది. అందుకే ట్రాకింగ్, అంటే బయటి లైన్‌ని గమనిస్తూ అది పోతే ప్రయారిటీ తగ్గించడం, తప్పనిసరి. అది కూడా ఇంటర్‌ఫేస్‌ని ట్రాక్ చేస్తే సరిపోదు, మధ్యలో ప్రొవైడర్ మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని మామూలు కేబుల్‌కి కలిపే డబ్బా) ఉంటే దాని అవతల ఫైబర్ తెగినా మీ పోర్ట్ అప్‌లోనే కనిపిస్తుంది. కాబట్టి ఐపీ ఎస్‌ఎల్‌ఏతో (రౌటర్ తానే పింగ్ చేసి లైన్ చూసుకునే సిస్కో ఫీచర్) బయట దూరంగా ఉన్న ఐపీని, 8.8.8.8 లాంటిదాన్ని, ఐదు సెకన్లకోసారి పింగ్ చేయించండి. షెడ్యూల్ కమాండ్ కొట్టడం మర్చిపోతే అది అసలు మొదలే కాదు. ఆ ఒక్క ఐపీకి మొదటి ప్రొవైడర్ వైపే స్టాటిక్ రూట్ (చేత్తో రాసిపెట్టిన దారి) వేయండి, లేకపోతే రౌటర్‌లో బ్యాకప్ రూట్ ఉన్నప్పుడు పింగ్ రెండో లైన్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళి "అంతా బాగుంది" అని చెప్తుంది.

ఆ పింగ్‌ని గమనించే ట్రాక్ ఫెయిలైతే ప్రయారిటీ ఎంత తగ్గాలో మీరే చెప్పాలి. డిఫాల్ట్ 10 వదిలేస్తే 110 కాస్తా 100 అవుతుంది, రెండూ సమానం, మార్పు జరగదు. డిక్రిమెంట్ (తగ్గింపు) 20 పెట్టండి. ఇంకొకటి, ప్రీఎంప్ట్ (ప్రయారిటీ ఎక్కువున్నది యాక్టివ్ సీటు లాక్కునే వీలు) రెండు రౌటర్లలోనూ ఉండాలి! మొదటిది బతికే ఉండి ప్రయారిటీ మాత్రమే తగ్గింది కదా, ప్రీఎంప్ట్ లేకపోతే రెండోది దాని సీటు లాక్కోదు. హెచ్ఎస్ఆర్‌పీలో ఇది డిఫాల్ట్‌గా ఆఫ్, వీఆర్ఆర్‌పీలో ఆన్, అందుకే రెండూ వాడినవాళ్ళు కూడా దీన్ని మర్చిపోతారు.

ట్రాక్‌కి డిలే డౌన్ 15 సెకన్లు, అప్ 60 సెకన్లు ఇవ్వండి. లేకపోతే లైన్ ఊగిసలాడినప్పుడల్లా గేట్‌వే కూడా అటూ ఇటూ ఊగుతుంది. హలో టైమర్లని మిల్లీసెకన్లకి దించే సరదా ఉన్నవాళ్ళకి ఓ దండం.

టెస్ట్ చేసేటప్పుడు ల్యాన్ కేబుల్ పీకి "పనిచేస్తోంది" అనకండి, అది ట్రాకింగ్ లేకున్నా మారుతుంది. మీడియా కన్వర్టర్‌లోంచి ఫైబర్ పీకండి, ఒక పీసీలో పింగ్ వదిలి ఉంచండి, రెండో రౌటర్‌లో షో స్టాండ్‌బై బ్రీఫ్ కొట్టి యాక్టివ్ అయిందో లేదో చూడండి. ఇరవై సెకన్లు అటూ ఇటూ పింగ్ ఆగిపోతుంది. పబ్లిక్ ఐపీ మారుతుంది కాబట్టి నడుస్తున్న కాల్స్, వీపీఎన్‌లు తెగుతాయి, ఆ సంగతి మేనేజర్‌కి ముందే చెప్పండి. ఫైబర్ మళ్ళీ పెట్టి ఓ నిమిషం పైన ఆగండి, మొదటిది తిరిగి యాక్టివ్ అయ్యాక రెండు రౌటర్లలోనూ రైట్ మెమరీ కొట్టి కాన్ఫిగ్ సేవ్ చేయండి.