ఫ్లోరిడాలో మసాజ్ థెరపిస్ట్ తప్పు చేస్తే కంప్లైంట్ ఎలా రాయాలి

టాంపాలో ఉండే నా స్నేహితురాలు కాన్పయ్యాక నడుంనొప్పి తగ్గక మసాజ్‌కి వెళ్లింది. బోర్లా పడుకుని ఉండగా థెరపిస్ట్ అడగకుండా దుప్పటి పక్కకి లాగేశాడు. కప్పమంటే "ఇలాగే చెయ్యాలి" అన్నాడట. ఆ రాత్రి ఒక్క స్టార్ రివ్యూ పెట్టి, మనవాళ్లెవరైనా చూస్తారేమోనన్న టెన్షన్‌తో తెల్లారేసరికి తీసేసింది. నిజానికి ఆ రివ్యూ ఉంచినా అతని లైసెన్స్‌కి ఏమీ కాదు. లైసెన్స్ దాకా వెళ్లాలంటే రాష్ట్ర ఆరోగ్య శాఖకి కంప్లైంట్ రాసివ్వాలి. ఇద్దరం కూర్చుని ఆ పని చేశాం కాబట్టి ఎలాగో చెబుతాను.

ముందు ఆరోగ్య శాఖ లైసెన్స్ వెతికే సైట్‌లో అతని పేరు కొట్టి చూడండి. థెరపిస్ట్ నంబర్ 'ఎంఏ' అక్షరాలతో, పార్లర్ నంబర్ 'ఎంఎం'తో మొదలవుతుంది. పాత శిక్షలేమైనా ఉంటే అవీ తెలుస్తాయి. అసలు లైసెన్సే లేకపోతే ఆ సంగతి కూడా ఆరోగ్య శాఖకే చెప్పాలి.

తర్వాత, జరిగింది చట్టం దృష్టిలో తప్పేనా అన్నది. ఫ్లోరిడా చట్టాల్లో 480.046 సెక్షన్ చూస్తే చాలావరకు అర్థమవుతుంది. మోసం చేసి లైసెన్స్ తెచ్చుకోవడం, ఇంకో రాష్ట్రంలో లైసెన్స్ పోవడం, అబద్ధపు ప్రకటనలు, మత్తులో ఉండి పనిచేయడం, లైసెన్స్ లేనివాళ్లకి సాయపడటం, గది, సామాను శుభ్రంగా ఉంచకపోవడం, తనిఖీకి వచ్చినవాళ్లని అడ్డుకోవడం, తన పరిధి దాటి వైద్యం చేయడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. లైంగికంగా తప్పుగా ప్రవర్తించడం మీద 480.0485 అని విడిగా ఇంకో సెక్షనే ఉంది. క్లయింట్ ఒప్పుకున్నా సరే, పార్లర్‌లో లైంగిక చర్యలు నిషేధం. దుప్పటి సంగతి రాష్ట్ర మసాజ్ థెరపీ బోర్డు నియమాల్లో ఉంది: ఎవరికైనా పిరుదులు, మర్మాంగాలు, ఆడవాళ్లకైతే రొమ్ములు కూడా కప్పి ఉంచాలి, తీయాలంటే మనం స్పష్టంగా ఒప్పుకోవాలి. "ఇలాగే చెయ్యాలి" అన్న మాటకి ఏ విలువా లేదని అది చదివాకే ఆమెకి ధైర్యమొచ్చింది.

విసురుగా మాట్లాడాడు, డబ్బులు ఎక్కువ తీసుకున్నాడు లాంటివి మాత్రం శాఖ పట్టించుకోదు. డబ్బులూ ఇప్పించదు.

ఇక రాయడం. అసలు కష్టం ఇక్కడే. మా మొదటి ప్రయత్నంలో "అతని ప్రవర్తన చాలా ఇబ్బందిగా అనిపించింది" అని రాశాం. దీంతో ఎవరూ ఏమీ చేయలేరు, ఎందుకంటే ఏ నియమం తప్పాడో అందులో లేదు. మళ్లీ ఇలా రాశాం: "మధ్యాహ్నం 3 గంటల సెషన్. నేను బోర్లా పడుకుని ఉన్నాను. అడగకుండా నడుం కిందివరకు దుప్పటి తీసేశాడు. కప్పమని రెండుసార్లు చెప్పాను. కప్పలేదు." అంతే, విశేషణాలు అక్కర్లేదు. తేదీ, గది, అతనన్న మాటలు అన్నవి అన్నట్టుగా, బుకింగ్ మెసేజ్, రసీదు. గుర్తులేనిది గుర్తులేదనే రాయండి, ఊహించి పూరించొద్దు. సంతకం మర్చిపోవద్దు. పేరు లేకుండా పంపినదాన్ని కూడా విచారించే వీలుంది కానీ, తప్పు తీవ్రమైనదై ఉండాలి, నిజమని శాఖకి అనిపించాలి.

మీ మీద లైంగిక దాడి జరిగితే ఇదంతా తర్వాత, ముందు 911కి ఫోన్ చెయ్యండి. పోలీసు కేసు వేరు, లైసెన్స్ కేసు వేరు, రెండూ పెట్టొచ్చు.

పంపాక ఓపిక పట్టాలి. థెరపిస్ట్‌కి కాపీ వెళ్తుంది, జవాబివ్వడానికి 20 రోజుల గడువు. విచారణ తర్వాత ఒక ప్యానెల్ కేసుకి ఆధారం ఉందా లేదా తేలుస్తుంది. ఉందని తేలిన 10 రోజుల దాకా వివరాలు బయటికి రావు. అందరికీ తెలిసిపోతుందని మన ఆడవాళ్లు భయపడేది ముఖ్యంగా దీనికే కాబట్టి ఇది నొక్కి చెబుతున్నా. తప్పు రుజువైతే మందలింపు, జరిమానా, ప్రొబేషన్, సస్పెన్షన్, ఏకంగా లైసెన్స్ రద్దు, ఏదైనా కావచ్చు.

జరిగి ఏడాది దాటిపోయిందని వదిలెయ్యకండి. మామూలుగా సంఘటన జరిగిన 6 ఏళ్లలోపు శాఖ కేసు పెట్టొచ్చు, విచారణకీ సమయం పడుతుంది కాబట్టి గుర్తున్నదంతా ఈ రాత్రే ఒక కాగితం మీద పెట్టండి.