పిల్లల కారు సీటు కదులుతోందా, పట్టీ గుచ్చుకుంటోందా: కారణం ఎక్కడుంది, ఏం చేయాలి?

పిల్లల కారు సీటు సరిగా బిగించకపోయినా కారు హాయిగా నడుస్తుంది, బిడ్డ ఆడుకుంటూ కూర్చుంటుంది, ఇల్లు చేరతాం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. సీటులోని లోపం బండి దేనికైనా గుద్దుకునే క్షణం దాకా బయటపడదు. అంతకుముందు కనిపించేవన్నీ చిన్న చిన్న చికాకులే: ఏడుపు, పట్టీ ఒరుసుకోవడం, నిద్రలో తల వాలిపోవడం. ఆ చికాకును పోగొట్టాలని తొందరపడి చేసే సర్దుబాట్ల వల్లనే చాలాసార్లు ప్రమాదం పెరుగుతుంది. పట్టీ కాస్త వదులు చేస్తాం, వీపు కింద మెత్త పెడతాం, బెల్టును చంక కిందికి తోస్తాం. ఏడుపు ఆగుతుంది, రక్షణ కూడా అక్కడితో పోతుంది. అందుకే ముందు కారణం తెలుసుకుని, ఆ తర్వాతే సీటు మీద చేయి వేయాలి.

సీటుతో వచ్చిన సూచనల పుస్తకం, కారుతో వచ్చినది, రెండూ దగ్గర పెట్టుకోండి. ఇక్కడ రాసినదానికీ వాటికీ తేడా వస్తే వాటి మాటే వినండి.

సీటును పట్టుకుని ఊపితే కదులుతోంది

ముందు ఊపి చూసే పద్ధతి సరిగా ఉండాలి. చాలామంది సీటు పైఅంచు పట్టుకుని లాగి చూస్తారు. వెనక్కి తిరిగిన సీటుకు (బిడ్డ ముఖం కారు వెనకవైపు ఉండేలా పెట్టినదానికి) పైభాగం కొంత కదలడం సహజం, దాన్నిబట్టి ఏమీ తేలదు. కారు బెల్టు సీటులోంచి వెళ్లే చోట, లేదా ఐసోఫిక్స్ (బెల్టు లేకుండా సీటును కారులోని లోహపు కమ్మీలకు నేరుగా తగిలించే ఏర్పాటు) కొక్కేలు పట్టే చోట ఒక చేత్తో పట్టుకుని, మామూలు బలంతో పక్కలకూ ముందువెనకలకూ కదపండి. రెండున్నర సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదిలితే సీటు వదులుగా ఉన్నట్టే.

బెల్టుతో బిగించిన సీటు వదులుగా ఉంటే మొదట అనుమానించాల్సింది బెల్టు వెళ్లే దారిని. రెండు వైపులకూ తిప్పి వాడుకునే సీట్లలో రెండు దారులుంటాయి. చాలా సీట్ల మీద వెనక్కి తిరిగినప్పటి దారిని నీలం రంగుతో, ముందుకు తిరిగినప్పటి దారిని ఎరుపుతో గుర్తు పెడతారు. సీటును తిప్పినప్పుడు బెల్టును కూడా రెండో దారికి మార్చాలి.

తర్వాతి కారణం బెల్టు లాక్ కాకపోవడం. కారు బెల్టు మామూలుగా నెమ్మదిగా లాగితే వస్తూనే ఉంటుంది, గట్టి కుదుపు వచ్చినప్పుడే పట్టేస్తుంది. పెద్దవాళ్లకు అది చాలు. పిల్లల సీటు రోజువారీ ప్రయాణంలో కొంచెం కొంచెంగా జరిగిపోకుండా ఉండాలంటే బెల్టు ఎప్పుడూ బిగుసుకునే ఉండాలి. కొన్ని పిల్లల సీట్లకు బెల్టును అదిమిపట్టే క్లిప్పు సీటులోనే ఉంటుంది. కొన్ని కార్లలో బెల్టును చివరిదాకా బయటికి లాగి వదిలితే, లోపలికి పోయేటప్పుడు టిక్ టిక్ మని చప్పుడు చేస్తూ ఇక బయటికి రాకుండా పట్టేస్తుంది. మీ కారుకూ సీటుకూ ఈ రెండింటిలో ఏది వర్తిస్తుందో చూసి, ఆ ఒక్కటే వాడండి.

ఇవి రెండూ సరిగానే ఉండి కూడా వదులుగా ఉంటే బిగించే తీరును మార్చాలి. బెల్టు వెళ్లే చోటికి సరిగ్గా పైన అరచేయి ఆనించి మీ బరువు మోపండి. కారు సీటు మెత్త అణిగాక, రెండో చేత్తో బెల్టు భుజం భాగాన్ని అది వెళ్లే దిశలోనే లాగండి. మొదట నడుము భాగంలోని వదులు పోవాలి, ఆ తర్వాత భుజం భాగంలోది. లాగినది వెనక్కి జారకముందే లాక్ వేయండి. బలం కంటే ఈ వరుస ముఖ్యం.

ఐసోఫిక్స్ సీటు కదులుతుంటే చాలాసార్లు ఒక కొక్కెమే పట్టి, రెండోది పట్టకపోవడమే కారణం. రెండు పక్కలా గుర్తు ఆకుపచ్చగా మారాలి. అవి పట్టుకునే లోహపు కమ్మీలు వీపు ఆనే భాగానికీ కూర్చునే భాగానికీ మధ్య సందులో, 28 సెంటీమీటర్ల ఎడంలో ఉంటాయి. చేతికి తగిలిన మరే లోహానికైనా తగిలించవద్దు. సీటుకు ఊతకాలు (సీటు ముందు నుంచి నేల దాకా దిగే కాలు) ఉంటే అది నేలకు గట్టిగా ఆనాలి. కాళ్ల దగ్గర నేల కింద సామాను పెట్టుకునే గూడు ఉన్న కార్లలో, ఆ గూటి మూత మీద ఊతకాలు నిలపవచ్చో లేదో కారు పుస్తకంలో చూడండి. బరువుకూ పరిమితి ఉంది: ఐ-సైజ్ (పిల్లల కారు సీట్లకు ఐరోపాలో ఉన్న భద్రతా ప్రమాణం) ప్రకారం ఐసోఫిక్స్ మీద నిలిచే సీటూ బిడ్డా కలిపి 33 కిలోలు దాటకూడదు.

భద్రత రెట్టింపు అవుతుందని ఐసోఫిక్స్, బెల్టు రెండూ కలిపి వేయడం కూడా సరికాదు. సీటు తయారీదారు అనుమతి ఇస్తేనే అలా చేయాలి. ఇన్ని చేసినా సీటు కుదరకపోతే కారులో వేరే చోట పెట్టి చూడండి. కారు బెల్టు బకిల్ సరిగ్గా సీటు అంచు మీదికి వచ్చి పడుతున్న చోట ఎంత లాగినా అది బిగియదు. తప్పు మీ చేతిది కాదు, ఆ చోటిది.

పట్టీ బిగిస్తే ఏడుపు, వదులు చేస్తే చేతులు బయటికి

పట్టీ ఎంత బిగుతుగా ఉండాలో వేళ్లే చెబుతాయి. బిడ్డ భుజం మీద, మెడఎముక దగ్గర, పట్టీని బొటనవేలూ చూపుడువేలూ కలిపి నిలువునా గిల్లి చూడండి. వేళ్ల మధ్య పట్టీ మడత పడితే ఇంకా బిగించాలి. వేళ్లు జారిపోతే సరిపోయింది.

భుజాల దగ్గర బిగుతుగా ఉన్నా తొడల దగ్గర వదులు దాగి ఉంటుంది. బిడ్డ నాలుగుసార్లు కదలగానే ఆ వదులు పైకి చేరుతుంది, చేతులు బయటికి వస్తాయి. అందుకే బకిల్ పెట్టాక ముందు తొడల మీది పట్టీని పైకి లాగి వదులు తీసేసి, ఆ తర్వాత ముందున్న పట్టీతో బిగించాలి. భుజం పట్టీ బయలుదేరే ఎత్తు కూడా చూడండి. వెనక్కి తిరిగిన సీటులో అది భుజాల ఎత్తులో లేదా కాస్త కింద, ముందుకు తిరిగిన సీటులో భుజాల ఎత్తులో లేదా కాస్త పైన ఉండాలి. సీటుకు ఛాతీ క్లిప్పు ఉంటే అది చంకల ఎత్తులో ఉండాలి. పొట్ట మీదికి జారిన క్లిప్పు పట్టీలను భుజాల మీద నిలపలేదు.

మందపు స్వెట్టర్లు, దూది కోట్ల విషయంలో జాగ్రత్త. పట్టీ బిగుతుగానే ఉన్నట్టు చేతికి అనిపిస్తుంది, ఢీకొన్నప్పుడు ఆ మందమంతా అణిగిపోయి పట్టీకీ ఒంటికీ మధ్య ఖాళీ మిగులుతుంది. పలుచని బట్టలతో పట్టీ బిగించి, దుప్పటి పైన కప్పండి. వీపు వెనక మెత్తలు, పట్టీలకు విడిగా కొన్న గలీబులు కూడా ఇలాంటి ఖాళీనే తెస్తాయి. సీటుతో కలిసి రానిది ఏదీ చేర్చవద్దు.

ఏడుపుకు పట్టీ బిగుతే కారణం అనుకునే ముందు మెలి తిరిగిన పట్టీ, ఎండకు కాలిన బకిల్, వీపు కింద ఇరుక్కున్న బొమ్మ, తడిసిన డైపర్ చూడండి. ఎంతకీ ఊరుకోకపోతే సురక్షితమైన చోట కారు ఆపి సముదాయించండి. నడుస్తున్న కారులో మాత్రం ఒళ్లోకి తీసుకోవద్దు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోతే, పది కిలోల బిడ్డను పట్టి ఆపడానికి సుమారు 200 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. ఏ తల్లిదండ్రుల చేతులకూ అంత పట్టు ఉండదు.

బిడ్డ తనే బకిల్ తీసేస్తుంటే దానికి అడ్డుగా పెట్టే తాళాల వంటివి కొనవద్దు. ప్రమాదంలో బిడ్డను బయటికి తీసేవాళ్లకు ఆ బకిల్ ఒక్క నొక్కుతో ఊడిరావాలి. తీసిన ప్రతిసారీ కారు ఆపండి, పెట్టాకే కదలండి. ఓపిక పట్టాల్సిన పని ఇది, దగ్గరదారి లేదు.

పసిబిడ్డ తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుతోంది

దీన్ని వాయిదా వేయకండి. అలా వాలితే పసివాళ్ల ఊపిరి దారి మూసుకుపోవచ్చు. సీటు మరీ నిటారుగా ఉండటం, కారు సీటు వాలుగా ఉండటం, తల వెనక ఏదో దళసరిగా పెట్టడం దీనికి కారణాలు. సమతలంగా ఉన్న నేల మీద కారు నిలిపి, సీటు పక్కనున్న వాలు గుర్తు ప్రకారం సరిచేయండి. సీటు కింద చుట్టిన తువ్వాలు పెట్టడానికి కొందరు తయారీదారులు ఒప్పుకుంటారు, కొందరు వద్దంటారు. పుస్తకం చూడకుండా పెట్టవద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే మొదటి ప్రయాణానికి ముందే వైద్యుణ్ణి అడగండి. గమ్యం చేరాక, నిద్రపోతోంది కదా అని బిడ్డను ఆ సీటులోనే వదిలేయకుండా పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి.

వెనక్కి తిరిగిన సీటులో కాళ్లు మడుచుకుంటున్నాయి

ఇది లోపం కాదు. పిల్లలు కాళ్లు మడిచి, చాపి ఎలాగో సర్దుకుంటారు. దీన్ని చూసి తొందరపడి ముందుకు తిప్పేయడమే తప్పు. చిన్నపిల్లల తల ఒంటితో పోలిస్తే బరువు, మెడ బలహీనం. వెనక్కి తిరిగి ఉంటే ఎదురుగా గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బను సీటు వీపు, మెడ, తల అంతటా పరుస్తుంది. ఐ-సైజ్ ప్రమాణం కనీసం 15 నెలల దాకా వెనక్కే ఉంచాలంటుంది. నా మాట అడిగితే సీటు ఒప్పుకున్నంత కాలం అలాగే ఉంచండి. ఎత్తు లేదా బరువు పరిమితి దాటినప్పుడు, తల సీటు పైఅంచుకు పుస్తకంలో చెప్పినదానికన్నా దగ్గరగా వచ్చినప్పుడు మార్చాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో మాత్రం వెనక్కి తిరిగిన సీటును ఎన్నడూ పెట్టకూడదు.

ముందుకు తిప్పాక సీటు పైభాగం ఊగుతుంటే, వెనకనుండే పై పట్టీని తగిలించారా అని చూడండి. ఎక్కువమంది మరిచిపోయేది దీన్నే. ఢీకొన్నప్పుడు తల ముందుకు పోయే దూరాన్ని అది 10 నుంచి 15 సెంటీమీటర్లు తగ్గిస్తుంది. ముందు సీటుకు తల తగలడానికీ తగలకపోవడానికీ తేడా అంతే. దీన్ని సామాను కట్టే కొక్కేనికి కాకుండా, కారు పుస్తకం చూపిన చోటే తగిలించాలి.

బూస్టర్ మీద కూర్చుంటే బెల్టు మెడకు ఒరుసుకుంటోంది, లేదా పొట్ట మీదికి వస్తోంది

బూస్టర్ అంటే కారు బెల్టు సరైన చోట పడేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు. మెడకు తగులుతోందని పిల్లలు బెల్టును వీపు వెనక్కో చంక కిందికో తోసేస్తారు. వీపు వెనక ఉంటే పైశరీరాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు. చంక కింద ఉంటే దెబ్బంతా పక్కటెముకల మీదా లోపలి అవయవాల మీదా పడుతుంది. వీపు ఉన్న బూస్టర్ అయితే తల భాగాన్ని పైకి జరిపి, భుజం దగ్గరున్న గైడ్‌లోంచి బెల్టు పోనివ్వండి. బెల్టు మెడకూ భుజం చివరకూ నడుమ పడాలి. కారు హెడ్‌రెస్ట్ బూస్టర్‌ను ముందుకు నెడుతుంటే, కారు పుస్తకం అనుమతిస్తే దాన్ని ఎత్తండి లేదా తీసేయండి.

నడుము బెల్టు పొట్ట మీదికి వస్తోందంటే పిల్లవాడు ముందుకు జారి కూర్చున్నాడని అర్థం. కారు సీటు లోతు తొడల పొడవు కంటే ఎక్కువైతే మోకాళ్లు అంచు దగ్గర మడతపడవు, అందుకే జారతాడు. మందలించి లాభం లేదు. బూస్టర్ సరిపడేది వాడి, కింది గైడ్‌ల కిందుగా బెల్టు పోనిచ్చి, తొడల పైభాగాన్ని తాకేలా కిందికి దించండి. పిల్లల తుంటి ఎముకలు బెల్టును పట్టి ఆపేంతగా ఎదిగి ఉండవు, పొట్ట మీది బెల్టు నేరుగా పేగుల్ని నొక్కుతుంది.

నిద్రలో పక్కకు ఒరిగిపోతూ, ఊరికే బెల్టుతో ఆడుకుంటూ ఉంటే ఆ బిడ్డ ఇంకా బూస్టర్‌కు సిద్ధం కాలేదు. పట్టీల సీటుకే మళ్లీ మార్చండి. ఐ-సైజ్ ప్రమాణంలో వీపు లేని బూస్టర్‌ను 125 సెంటీమీటర్ల ఎత్తు దాటాకే వాడాలి. కారులో భుజం బెల్టు లేకుండా నడుము బెల్టు మాత్రమే ఉన్న చోట ఏ బూస్టర్‌నూ వాడకూడదు.

బూస్టర్ మానేసే వేళ వచ్చిందో లేదో కారులోనే కూర్చోబెట్టి చూడండి. వీపు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు అంచున మడవాలి, బెల్టు భుజం మధ్యలోనూ తొడల మీదా ఉండాలి, ప్రయాణం పొడుగునా అలాగే కూర్చోగలగాలి. సాధారణంగా 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తు దగ్గర ఇది కుదురుతుంది. పిల్లవాడు లేనప్పుడు ఖాళీ బూస్టర్‌కు కూడా బెల్టు పెట్టండి, లేకపోతే ఢీకొన్నప్పుడు ఎగిరి ఎవరికో తగులుతుంది.

బకిల్ టక్కుమనడం లేదు

తినుబండారాల పొడి, ఎండిన పాలు లోపల పేరుకున్నట్టే. పుస్తకం అనుమతిస్తే గోరువెచ్చని నీటితో శుభ్రం చేసి ఆరనివ్వండి. నూనె, గ్రీజు వేయకండి. పట్టీలను నానబెట్టి ఉతకకండి, తడి గుడ్డతో తుడిస్తే చాలు.

సీటు పాతది, లేదా ప్రమాదంలో ఉన్నది

ప్లాస్టిక్ అడుగున గడువు ఉంటుంది, చాలావాటికి 6 నుంచి 10 సంవత్సరాలు. గడువు దాటినా, పగుళ్లున్నా, గట్టి ప్రమాదంలో ఉన్నా మార్చాల్సిందే, పైకి బాగానే కనిపించినా సరే. వాడిన సీటు తీసుకుంటుంటే చరిత్ర అడగండి. చెప్పలేనివారి దగ్గర తీసుకోవద్దు.