వారానికి ఎన్ని సెట్లు, ఎంత గట్టిగా?

జిమ్‌లో బరువును ఒకసారి లేపి దించితే ఒక రెప్, ఆగకుండా వరుసగా చేసిన రెప్స్ ఒక సెట్. 1970లలో ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ తరం బాడీబిల్డర్లు ఒక్కో కండరానికి ఒకే పూట 20 సెట్ల దాకా కొట్టేవాళ్లు, అదీ వారానికి ఆరు రోజులు. నాటిలస్ అనే వ్యాయామ మిషన్లు తెచ్చిన ఆర్థర్ జోన్స్ అదే దశకంలో దానికి పూర్తిగా ఎదురు వాదించాడు: ఒక్క సెట్ చాలు, కానీ చివరికి ఇక ఒక్క రెప్ కూడా లేపలేనంతగా చేయాలి. బాడీబిల్డర్ మైక్ మెంట్జర్ ఆ పద్ధతిని ప్రచారం చేశాడు. మరో బాడీబిల్డర్ డోరియన్ యేట్స్ దాన్ని తనకు తగ్గట్టు మార్చుకుని 1992 నుంచి 1997 వరకు వరుసగా మిస్టర్ ఒలింపియా బాడీబిల్డింగ్ పోటీ గెలిచాడు. మధ్యలో అతని బైసెప్స్ ఒకసారి, ట్రైసెప్స్ (పై చేయి వెనక కండరం) ఒకసారి తెగాయి. అతని ‘ఒక్క సెట్’ను అనుకరించేవాళ్లు ఒకటి మర్చిపోతారు: దానికి ముందు అతను చేసే వార్మప్ సెట్లే మనలాంటి వాళ్లకు అసలు సెట్లు. పైగా ఆ పోటీల్లో స్టెరాయిడ్లు మామూలే.

2017లో పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, సెట్లు పెరిగేకొద్దీ కండ ఎక్కువ పెరుగుతోందని, ఒక్కో కండరానికి వారానికి 10 సెట్లకు తగ్గకుండా చేసినవాళ్లకు మెరుగైన ఫలితం వచ్చిందని తేల్చింది. దాంతో గాలి మళ్లీ సెట్ల వైపు తిరిగింది.

మీ లెక్క ఇలా మొదలుపెట్టండి. ఒక్కో కండరానికి వారానికి 10 సెట్లు, రెండు రోజులకు పంచి. చెస్ట్ అయితే సోమవారం బెంచ్ ప్రెస్ 3, ఇంక్లైన్ డంబెల్ ప్రెస్ 2. గురువారం ఇంక్లైన్ 3, కేబుల్ ఫ్లై 2. వార్మప్‌లు ఇందులోకి రావు. 60 కిలోల బెంచ్‌కి ఖాళీ బార్ 10 రెప్స్, 40 కిలోలు 5, 50 కిలోలు 2 చాలు. బెంచ్‌లో ట్రైసెప్స్ కూడా పనిచేస్తుంది కాబట్టి దాని ఖాతాలో ఒక్కో సెట్‌కి అర వేయండి. ఇది వదిలేసి చేతులకు విడిగా 16 సెట్లు కొడితే మోచేతి నొప్పులు రావచ్చు.

సెట్ ఎక్కడ ఆపాలి? స్క్వాట్, రోమేనియన్ డెడ్‌లిఫ్ట్, పక్కన మనిషి లేని బెంచ్‌లలో ఇంకా 2 రెప్స్ లేపగలం అనిపించినప్పుడు. లాటరల్ రైజ్, లెగ్ ఎక్స్‌టెన్షన్, కేబుల్ కర్ల్‌లలో చివరి సెట్ పూర్తిగా చేతులెత్తేసేదాకా, అంటే ఫెయిల్యూర్‌ దాకా వెళ్లొచ్చు. చిక్కేమిటంటే, కొత్తవాళ్లు ‘2 మిగిలాయి’ అన్నప్పుడు నిజానికి ఇంకా ఎక్కువే మిగిలి ఉండొచ్చు. రెండు వారాలకోసారి లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో ముందు అంచనా చెప్పి, తర్వాత ఆగకుండా చేసి చూడండి. ఎన్ని ఎక్కువ వచ్చాయో అంత తప్పు మీ అంచనాలో ఉంది.

సెట్ల మధ్య విశ్రాంతి స్క్వాట్, బెంచ్ లాంటి పెద్ద లిఫ్ట్‌లకు 2 నుంచి 3 నిమిషాలు, కర్ల్ లాంటి చిన్నవాటికి ఒకటిన్నర. ఫోన్ చూస్తూ ఏడు నిమిషాలు కూర్చోవడం విశ్రాంతి కిందకు రాదు, క్యూలో ఉన్నవాళ్లకు శిక్ష.

సెట్‌కి 8 నుంచి 12 రెప్స్ లక్ష్యం పెట్టుకుంటే, అన్ని సెట్లలో 12 వచ్చాకే బెంచ్‌కి 2.5 కిలోలు వేయండి. డంబెల్స్‌లో 10 కిలోల నుంచి 12.5కి వెళ్లడమంటే ఒక్కసారే పాతిక శాతం. అక్కడ 15 రెప్స్ దాకా లాగి, ఆపై మారండి.

సెట్లు పెంచాలా వద్దా అన్నది మీరు సెట్లు, రెప్స్ రాసుకునే నోట్‌బుక్ చెబుతుంది. మూడు వారాలుగా రెప్స్ కదలడం లేదు, కానీ నిద్ర, తిండి బాగున్నాయి, ఒంట్లో అలసట లేదు అంటే ఆ కండరానికి 2 సెట్లు కలపండి. రెప్స్ తగ్గుతూ, కీళ్లు సలుపుతూ ఉంటే మాత్రం ఆ వారం బరువు అలాగే ఉంచి సెట్లు సగం చేయండి. అలసట ఉన్నప్పుడే సెట్లు పెంచేసి, అదేమిటి తగ్గిపోతున్నానని మళ్లీ పెంచడం అందరూ చేసే తప్పు. ఒకే వారం సెట్లూ పెంచి, ఫెయిల్యూర్‌కీ వెళ్తే ఏది పనిచేసిందో, ఏది దెబ్బకొట్టిందో నోట్‌బుక్ కూడా చెప్పలేదు.