బ్యాంకు రోల్స్‌లో వెండి హాఫ్ డాలర్లను వెతకడం ఎలా?

అమెరికాలో ఖాతా ఉన్న బ్యాంకు శాఖకు వెళ్ళి పది డాలర్లు ఇస్తే ఇరవై హాఫ్ డాలర్ (యాభై సెంట్ల) నాణేలను కాగితంలో చుట్టిన ఒక రోల్ ఇస్తారు. అందులో వెండి నాణెం దొరికితే దాని వెల ముఖవిలువకు ఎన్నో రెట్లు ఉంటుంది. దొరక్కపోతే అవే నాణేలను మళ్ళీ జమ చేసి పది డాలర్లూ వెనక్కి తెచ్చుకోవచ్చు. డబ్బు పోయే అవకాశం లేని ఈ పనిలో మన సమయమూ శ్రద్ధా మాత్రమే పెట్టుబడి. విచారమేమిటంటే, చాలామంది ఆ శ్రద్ధనే మిగుల్చుకోవాలని చూస్తారు. రోల్ చింపి, అంచుల వైపు ఒకసారి చూసి, తెల్లగా మెరిసేది కనిపించకపోతే మొత్తం సంచిలో వేసి బ్యాంకుకు తిరిగి ఇచ్చేస్తారు. అలా వాళ్ళు వదిలేసినవే తర్వాత ఓపికగా చూసేవాళ్ళకు దొరుకుతాయి. ప్రతి నాణెం మీదా సంవత్సరం చదవాలి. ఈ వ్యాసంలో మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్న వివరమే.

ముందుగా వెండి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. 1964 వరకు ముద్రించిన డైములు (పది సెంట్ల నాణేలు), క్వార్టర్లు (పాతిక సెంట్ల నాణేలు), హాఫ్ డాలర్లలో 90 శాతం వెండి, 10 శాతం రాగి ఉండేవి. వెండికి గిరాకీ పెరిగి, నాణేలకు కొరత ఏర్పడటంతో 1965 జూలై 23న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త నాణేల చట్టంపై సంతకం చేశారు. దాని ప్రకారం డైములోనూ క్వార్టర్లోనూ వెండిని పూర్తిగా తొలగించారు కానీ, హాఫ్ డాలర్‌లో మాత్రం 40 శాతం ఉంచారు. 1965 నుంచి 1970 వరకు ఉన్న సంవత్సరాలతో వచ్చిన హాఫ్ డాలర్లు ఆ మధ్యరకానివి. 1971 నుంచి చలామణీకి వచ్చినవన్నీ రాగి, నికెల్ నాణేలే.

అందుకే వెతికితే హాఫ్ డాలర్లే వెతకాలి. క్వార్టర్లు, డైములు రోజూ దుకాణాల్లో చేతులు మారుతూ ఉంటాయి కనుక, వాటిలోని వెండిని అరవై ఏళ్ళుగా జనం ఏరుకుంటూనే ఉన్నారు. హాఫ్ డాలర్ కథ వేరు. 1963 నవంబరులో అధ్యక్షుడు కెనడీ హత్య జరిగిన కొద్ది నెలలకే ఆయన బొమ్మతో వచ్చిన ఈ నాణేన్ని ప్రజలు ఖర్చు పెట్టకుండా జ్ఞాపకంగా దాచుకున్నారు. పెద్దవాళ్ళు పోయాక వారసులు ఆ డబ్బాలను తెచ్చి, చూడకుండానే బ్యాంకులో జమ చేస్తారు. దుకాణాల గల్లాపెట్టెల్లో దీనికి ప్రత్యేకమైన అర ఉండదు, చాలా యంత్రాలు దీన్ని తీసుకోవు. అందువల్ల బ్యాంకుకు చేరినది అక్కడే పడి ఉంటుంది. నికెల్స్, అంటే అయిదు సెంట్ల నాణేలు, వెతికేవారికి కూడా కొంత ఫలితం ఉంటుంది: రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942 నుంచి 1945 వరకు, 35 శాతం వెండితో చేసిన ఈ నాణేలకు వెనుక భవనం గుమ్మటం పైన పెద్ద అక్షరం ఉంటుంది, వాటిని గుర్తించడం తేలిక. కానీ ఒకేసారి రెండు మూడు రకాలు ముందేసుకుంటే కన్ను దేనికీ అలవాటు పడదు. ఒక రకాన్నే పట్టుకోవాలి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న బంధువులు ఈ పని మన దగ్గర కూడా చేయవచ్చా అని అడుగుతూ ఉంటారు. చేయలేము. మన రూపాయి 1947లోనే నికెల్‌కు మారిపోయింది, బ్యాంకు ఇచ్చే చిల్లర సంచిలో వెండి ఉండదు. ఇది అమెరికా బ్యాంకుల పద్ధతికీ అక్కడి నాణేల చరిత్రకూ మాత్రమే సరిపోయే పని.

కావలసిన వస్తువులు

మెత్తటి గుడ్డ పరిచిన బల్ల, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో పదో వంతు వరకు చూపే చిన్న డిజిటల్ కాటా, కొన్ని కాగితపు కవర్లు, బ్యాంకులు ఉచితంగా ఇచ్చే ఖాళీ రోల్ కాగితాలు ఉంటే చాలు. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కూర్చోవాలి. పసుపు బల్బు కింద ఈ పని చేయకూడదు. ఆ కాంతిలో వెండి అంచు కూడా రాగి ఛాయలో కనిపిస్తుంది.

రోల్స్ తెచ్చుకోవడం

కౌంటరులో ఉన్న క్యాషియర్‌ను ముందుగా డ్రాయరులో విడిగా పడి ఉన్న హాఫ్ డాలర్లు ఏమైనా ఉన్నాయా అని అడగాలి. తర్వాత ఖాతాదారులు చేత్తో చుట్టి ఇచ్చిన రోల్స్ అడగాలి, ఎందుకంటే ఇళ్ళలోని పాత డబ్బాల్లోంచి వచ్చేవి అవే. ఆ రెండూ లేకపోతేనే పూర్తి బాక్సు తెప్పించమని కోరాలి. బాక్సులో 50 రోల్స్, అంటే 1000 నాణేలు, 500 డాలర్లు ఉంటాయి. కొన్ని శాఖలు దీనికి రుసుము తీసుకుంటాయి, కొన్ని అసలు తెప్పించవు, కాబట్టి ముందే కనుక్కోవాలి. రద్దీ సమయంలో వెళ్ళి వరుసలో వెనుకవాళ్ళను నిలబెట్టకూడదు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్న వేళ మర్యాదగా అడిగితే క్యాషియర్లు మరోసారి మన కోసం తీసిపెడతారు.

ఇంటికి వచ్చాక ఒక్కొక్క రోల్‌నే తెరవాలి. తెరవగానే ఇరవై ఉన్నాయో లేదో లెక్కపెట్టాలి. ఆ రోల్ పూర్తయ్యేదాకా రెండోదాన్ని ముట్టుకోకూడదు.

అంచు, సంవత్సరం: పని చెడేది ఇక్కడే

1971 తర్వాతి మామూలు హాఫ్ డాలర్ మధ్యలో స్వచ్ఛమైన రాగి పొర, దానికి రెండు వైపులా రాగి నికెల్ మిశ్రమపు పొరలు ఉంటాయి. పక్కనుంచి చూస్తే గీతల అంచు మీద ఎర్రటి రాగి చార స్పష్టంగా కనిపిస్తుంది. 90 శాతం వెండి నాణేనికి ఆ చార ఉండదు, అంచు అంతా ఒకే తెలుపు. ఇరవై నాణేలను దొంతరగా పేర్చి తిప్పి చూస్తే ఆ తెల్లది వెంటనే తెలిసిపోతుంది. ఇంతవరకు అందరూ సరిగ్గానే చేస్తారు, ఇక్కడే ఆగిపోతారు కూడా.

చిక్కు 40 శాతం వెండి నాణేలతో వస్తుంది. వాటి పై పొరల్లో 80 శాతం వెండి ఉన్నా, లోపలి భాగంలో వెండి దాదాపు 21 శాతమే, మిగతాది రాగి. కొత్తగా ఉన్నప్పుడు అంచు బూడిద కలిసిన తెలుపులో కనిపిస్తుంది. ఏళ్ళు గడిచి మాసిపోయాక అదే అంచు మీద లేత గోధుమరంగు చార తేలుతుంది, దొంతరలో మామూలు నాణేల మధ్య కలిసిపోతుంది. దీనికి తోడు కొన్ని మామూలు నాణేల అంచుల మీద పై పొర లోహం సాగి రాగి చారను కొంత కప్పేస్తుంది, అవి వెండిలా కనిపించి ఆశపెడతాయి. అంటే అంచు రెండు వైపులా మోసం చేయగలదు. పైగా బాక్సులో సగం దాటేసరికి కన్ను అలిసిపోయి, తెల్లగా మెరిసేవాటినే పట్టుకుంటుంది తప్ప బూడిదరంగును పట్టుకోదు. బ్యాంకు రోల్స్‌లో ఇప్పటికీ ఎక్కువగా మిగిలి ఉన్నది ఈ 40 శాతం నాణేలే కనుక, అంచు మాత్రమే చూసేవారు చేజార్చుకునేది సరిగ్గా దొరికే అవకాశం ఉన్న సరుకునే.

తూకం వేస్తే సరిపోతుంది కదా అని కొందరు వాదిస్తారు. 90 శాతం నాణెం 12.5 గ్రాములు, మామూలు నాణెం 11.34 గ్రాములు, ఈ తేడాను మామూలు కాటా కూడా చూపుతుంది. కానీ 40 శాతం నాణెం బరువు 11.5 గ్రాములు. మామూలు దానికీ దీనికీ తేడా గ్రాములో ఆరో వంతు కూడా లేదు, ముద్రణలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులూ అరుగుదలా కలిస్తే ఆ తేడా మాయమవుతుంది. అయస్కాంతం వల్ల అసలు ప్రయోజనం లేదు, ఎందుకంటే వెండీ దానికి అంటదు, రాగి నికెల్ మిశ్రమమూ అంటదు. నాణేన్ని బల్ల మీద పడేసి మోగే శబ్దాన్ని బట్టి చెప్పడం మంచి నాణేలకు గాట్లు పెట్టే పద్ధతి. దాన్ని ఎవరూ అనుసరించకూడదు.

కాబట్టి ప్రతి నాణేన్నీ బొమ్మ వైపు తిప్పి, సంవత్సరం చదవాలి. అలవాటైతే ఒక రోల్‌కు నిమిషం కంటే ఎక్కువ పట్టదు. 1964 లేదా అంతకు ముందుది అయితే, ఆ బొమ్మ కెనడీదైనా, ఫ్రాంక్లిన్‌దైనా, నడుస్తున్న స్వేచ్ఛాదేవి లిబర్టీదైనా, 90 శాతం వెండి. 1965 నుంచి 1970 వరకు అయితే, అంచు ఏ రంగులో ఉన్నా 40 శాతం వెండి. ఇందులో సందేహానికి తావు లేదు, అంచు చూసి మనసు మార్చుకోవద్దు. 1970 నాణెం మీద కెనడీ మెడ కింద డెన్వర్ ముద్రణశాల గుర్తైన ‘డి’ అక్షరం ఉంటే ఇంకా మంచిది, ఆ ఏడాది డెన్వర్‌లో ముద్రించినవి సేకర్తల సెట్లలో తప్ప చలామణీకి రాలేదు.

సంవత్సరం ఒక్కటే సరిపోని సందర్భం కూడా ఒకటి ఉంది, అక్కడే అంచుకు మళ్ళీ పని పడుతుంది. ఒకే నాణెం మీద 1776, 1976 అని రెండు సంవత్సరాలు ఉన్నవి స్వాతంత్ర్య ద్విశతాబ్ది నాణేలు. వాటిలో అక్షరం లేనివీ ‘డి’ ఉన్నవీ మామూలివే. ‘ఎస్’ ఉంటే మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోలో సేకర్తల కోసం చేసినది, అందులో 40 శాతం వెండి రకమూ వెండి లేని రకమూ రెండూ ఉన్నాయి. అప్పుడు దాన్ని విడిగా తీసి, భూతద్దంతో అంచులో ఎర్రటి రాగి చార ఉందేమో చూడాలి. అలాగే 1992 నుంచి ‘ఎస్’ అక్షరంతో వచ్చిన అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేల్లో వెండివీ ఉన్నాయి. వాటి అంచు పూర్తిగా తెల్లగా ఉంటుంది, బరువు కూడా 12.5 గ్రాములు లేదా అంతకు ఎక్కువ ఉంటుంది కనుక కాటా ఇక్కడ ఉపయోగపడుతుంది. సెట్లను విప్పి ఖర్చు పెట్టినవాళ్ళ వల్ల ఇవి బ్యాంకుకు చేరతాయి.

అక్షరం లేకపోవడాన్ని చూసి అరుదైనదని కొందరు సంబరపడతారు. ఫిలడెల్ఫియా ముద్రణశాల 1980కి ముందు హాఫ్ డాలర్ల మీద ‘పి’ అక్షరం వేయలేదు, కాబట్టి 1970ల నాణెం మీద అక్షరం లేకపోవడం విశేషం కాదు. 1965, 1966, 1967 నాణేల మీద ఏ ముద్రణశాలా అక్షరం వేయలేదు.

వెండి కానివాటిలో పక్కన పెట్టవలసినవి

సంవత్సరం చదివే అలవాటు వల్ల కలిగే లాభం వెండితో ఆగదు. 1987 నాటి ‘పి’, ‘డి’ నాణేలు సెట్లలో మాత్రమే వచ్చాయి. 2002 నుంచి 2020 వరకు ముద్రణశాల హాఫ్ డాలర్లను చలామణీ కోసం చేయలేదు, సేకర్తలకు ముఖవిలువ కంటే ఎక్కువ ధరకు అమ్మింది. ఇవి బ్యాంకులో అర డాలరుకే దొరికితే తీసి ఉంచుకోవాలి. 1972 ‘డి’, 1982 ‘పి’ నాణేల్లో కొన్నింటికి బొరుసు వైపు, గద్ద కాలికీ తోకకూ మధ్య ఉండవలసిన ‘ఎఫ్‌జి’ అనే చిన్న అక్షరాలు కనిపించవు. అవి ఆ వైపు రూపకల్పన చేసిన ఫ్రాంక్ గాస్పారో పేరులోని పొడి అక్షరాలు; ముద్రణ అచ్చును అతిగా నునుపు చేయడం వల్ల చెరిగిపోయాయి. 1974 ‘డి’ నాణేల్లో కొన్నింటి మీద ‘ట్రస్ట్’ అనే మాట అక్షరాలు జంటగా పడ్డాయి. వీటన్నిటికీ భూతద్దం అవసరమే కానీ, ప్రతి నాణేన్నీ భూతద్దంతో చూడనక్కరలేదు, ఆయా సంవత్సరాలు వచ్చినప్పుడు చూస్తే చాలు.

దొరికినదాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తోమకూడదు. చింతపండుతోనో, పళ్ళపొడితోనో, వెండి సామాను మెరుగు పెట్టే ద్రవంతోనో రుద్దిన నాణేన్ని సేకర్తలు వెంటనే గుర్తుపడతారు, దాని సేకరణ విలువ పోతుంది. అంచులు పట్టుకుని కవరులో వేసి, పైన సంవత్సరం రాసుకోవాలి.

విలువ కట్టడం, మిగిలినవి తిరిగి ఇవ్వడం

90 శాతం హాఫ్ డాలర్‌లో 11.25 గ్రాముల వెండి, అంటే దాదాపు తులం వెండి ఉంటుంది. 40 శాతం దానిలో 4.6 గ్రాములు. ఔన్సు ధరను మొదటిదానికి 0.3617తోనూ, రెండోదానికి 0.1479తోనూ గుణిస్తే లోహం విలువ వస్తుంది. ఉదాహరణకు ఔన్సు 30 డాలర్లు ఉంటే అవి వరుసగా 10.85, 4.44 డాలర్లు. వ్యాపారులు ఇంతకంటే కొంత తగ్గించే ఇస్తారు, 40 శాతం వాటికి మరింత తగ్గిస్తారు. అందువల్ల వాటిని ఒకటీ రెండుగా అమ్మకుండా కొన్ని పోగయ్యాక ఒకేసారి అమ్మాలి.

మిగిలిన నాణేలను తెచ్చిన శాఖలోనే తిరిగి ఇవ్వకూడదు. ఇస్తే అవే రోల్స్ మళ్ళీ మన చేతికే వస్తాయి, మనకు సాయం చేసిన క్యాషియర్‌కు లెక్కల భారం పడుతుంది. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, అక్కడే జమ చేయాలి. చూసినవని గుర్తుండటానికి నాణేల మీద రంగు పూసేవాళ్ళున్నారు. అది అందరి నాణేలనూ పాడుచేయడం, ఆ పని చేయవద్దు. జమ చేసే చోట లెక్కించే యంత్రం ఉంటే అది హాఫ్ డాలర్లు తీసుకుంటుందో లేదో ముందే అడగాలి. యంత్రం పక్కన తిరస్కరించిన నాణేలు పడే చిన్న గిన్నె ఉంటుంది. వెండి డైములూ క్వార్టర్లూ లోహంలో తేడా వల్ల ఒక్కోసారి అక్కడ పడిపోతాయి, తెచ్చినవాళ్ళు వాటిని వదిలేసి వెళతారు. మన నాణేలు యంత్రంలో పోసే ముందు ఆ గిన్నెలో చేయి పెట్టి చూడాలి, అందులో దొరికినది పక్కన నిలబడ్డవారిదేమోనని ఒకసారి అడిగి తీసుకోవాలి.